ఒకే యంత్రంలో రెండు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లు

ఉబుంటు లినక్స్ 20.04లో ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రామ్‌ని 22.04 ఉన్న యంత్రంలోకి తెచ్చి నడిపితే, చాలాసార్లు ఒక్క లైన్ చూపించి ఆగిపోతుంది: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 తెరవడం కుదరలేదు, అలాంటి ఫైల్ లేదు. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు. అది అడిగిన ఫైల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ది, అంటే నెట్ సంభాషణని గుప్తంగా ఉంచే లైబ్రరీది. 20.04తో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ 1.1.1ఎఫ్, 22.04తో వచ్చినది 3.0.2. పాతది కొత్త ఉబుంటులో లేనే లేదు.

దీనికి తిరగేసిన చిక్కు పాత సర్వర్లలో కనిపిస్తుంది. సెంటోస్ 7 అనే పాత లినక్స్‌లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2కె. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10కి కనీసం 1.1.1 కావాలి. సోర్స్ తెచ్చి బిల్డ్ చేస్తే అంతా సాఫీగానే సాగి, చివర్లో ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ తయారు కాలేదన్న సందేశం వస్తుంది. బిల్డ్ మాత్రం ఆగదు. అందుకే ఆ లైన్ చాలామంది కంట పడదు. తర్వాత పిప్‌తో ఏదైనా ప్యాకేజీ తెచ్చుకోబోతే, పైథాన్‌లో ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేదని పిప్ చేతులెత్తేస్తుంది.

రెండు చోట్లా కావలసింది ఒకటే. రెండు వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో ఉండాలి, ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం రాకూడదు. ఫైళ్లని డిస్క్ మీద పక్కపక్కన పెట్టడం పెద్ద పనేమీ కాదు. ఏ ప్రోగ్రామ్‌కి ఏ వెర్షన్ అందాలో ఎవరు, ఎప్పుడు తేలుస్తున్నారన్న దగ్గరే చిక్కంతా ఉంది. ఆ నిర్ణయాన్ని మొత్తం యంత్రానికి వర్తించే సెట్టింగ్‌గా పెడితే ఈరోజు ఒకటి బాగై, వారం తర్వాత ఇంకొకటి పాడవుతుంది. ఏ ప్రోగ్రామ్‌కి కావలసిన దారిని ఆ ప్రోగ్రామ్ ఫైల్‌లోనే రాసిపెట్టాలి. ఈ వ్యాసమంతా ఆ పని గురించే.

ఒక లైబ్రరీకి మూడు పేర్లు

లినక్స్‌లో ప్రతి షేర్డ్ లైబ్రరీకి, అంటే చాలా ప్రోగ్రామ్‌లు పంచుకునే లైబ్రరీకి, సాధారణంగా మూడు పేర్లుంటాయి. మొదటిది అసలు ఫైల్ పేరు. రెండోది సోనేమ్. ఉదాహరణకి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3. ఈ పేరు లైబ్రరీ ఫైల్ లోపలే రాసి ఉంటుంది. మూడోది వెర్షన్ తోక లేని ఉత్త పేరు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ. ఇది ఒక సింలింక్, అంటే ఇంకో ఫైల్‌ని చూపించే పేరు. కంపైల్ చేసేటప్పుడు లింకర్, అంటే ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపే పనిముట్టు, వెతికేది దీన్నే.

ప్రోగ్రామ్‌ని లింక్ చేసినప్పుడు లింకర్ ఉత్త పేరుతో ఫైల్‌ని పట్టుకుని, దాని లోపలున్న సోనేమ్‌ని చదివి, ఆ సోనేమ్‌ని ప్రోగ్రామ్‌లో రాస్తుంది. ఆ తర్వాత ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ లోడర్, అంటే లైబ్రరీలని మెమరీలోకి ఎక్కించే భాగం, ఆ సోనేమ్‌నే అడుగుతుంది. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టే. సోనేమ్ వేరైతే రెండు వెర్షన్లూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నా గొడవ లేదు. ఉబుంటులో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 ప్యాకేజీల పేర్లలో అంకె కలిసే ఉండడానికి కారణం ఇదే. అవి రెండూ కలిసి ఉండగలవు.

మూడో పేరుకి ఆ వెసులుబాటు లేదు. తోక లేని సింలింక్ ఒక ఫోల్డర్‌లో ఒకటే ఉంటుంది, కంపైలర్ చదివే హెడర్ ఫైళ్లుండే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫోల్డర్ కూడా ఒకటే. అందువల్ల ఈ రెండిటినీ తెచ్చే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ ప్యాకేజీని ఒకేసారి రెండు వెర్షన్లలో పెట్టుకోలేం. నడపడానికి రెండు వెర్షన్లు ఉంచుకోవచ్చు కానీ, బిల్డ్ చెయ్యడానికి మామూలు చోట ఒకటే ఉండగలదు. సెంటోస్ 7 కోసం ఎపెల్ అనే అదనపు ప్యాకేజీల భండారంలో ఇచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11 ప్యాకేజీ ఈ చిక్కునే తప్పించింది. హెడర్లని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11 అనే వేరే ఫోల్డర్‌లోనూ, తోక లేని సింలింక్‌లని అదే పేరున్న ఇంకో ఫోల్డర్‌లోనూ పెట్టారు. సొంతంగా చేసుకునేవాళ్లు నేర్చుకోదగ్గ పద్ధతి అది.

పేరు మార్చినంత మాత్రాన సరిపోదు

ఫైల్ లేదన్న ఎర్రర్ రాగానే చాలామంది చేసే మొదటి పని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3కి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 అనే పేరుతో సింలింక్ పెట్టడం. దాంతో పాత ఎర్రర్ పోతుంది. దాని చోట కొత్తది వస్తుంది: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 వెర్షన్ కనబడలేదు, ఫలానా ప్రోగ్రామ్‌కి అది కావాలి.

కారణం లైబ్రరీ లోపలుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన ప్రతి ఫంక్షన్‌కీ ఒక వెర్షన్ ముద్ర వేస్తుంది. 1.1తో లింకైన ప్రోగ్రామ్ ఒక ఫంక్షన్‌ని ఉత్త పేరుతో అడగదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 ముద్ర ఉన్నదే కావాలంటుంది. 3 లోపల ఉన్న ముద్ర ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.0.0. బయట పేరు మార్చినా లోపలి ముద్ర మారదు కాబట్టి లోడర్ ఒప్పుకోదు. ఈ కాపలా మంచికే ఉంది. ముద్రలు లేని లైబ్రరీల విషయంలో ఇదే సింలింక్ పనిచేసినట్టే కనిపించి, తర్వాత ఎప్పుడో మెమరీ చెడి ప్రోగ్రామ్ కూలిపోతుంది. అప్పుడు కారణం పట్టుకోవడానికి రోజులు పడుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. కొత్త వెర్షన్‌ని బిల్డ్ చేసి, ఆ ఫైళ్లని సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్నవాటి మీద కాపీ చెయ్యడం. సిస్టమ్‌లోని ఎస్‌ఎస్‌హెచ్, కర్ల్, డబ్ల్యూగెట్ లాంటివన్నీ ఆధారపడేది ఆ ఫైల్ మీదే. దూరంగా ఉన్న సర్వర్‌లో ఈ పని చేసి ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ మళ్లీ లేవకపోతే, లోపలికి వెళ్లడానికి కన్సోల్ తప్ప దారి మిగలదు. పైగా తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్‌తో ప్యాకేజీ మేనేజర్ వచ్చి తన ఫైళ్లని మళ్లీ వాటి చోట పెట్టేస్తుంది. డిస్ట్రిబ్యూషన్ పెట్టిన ఫైల్‌ని ముట్టుకోకూడదు.

వేరే ఇల్లు కట్టడం

పాత సెంటోస్ యంత్రంలో పైథాన్ 3.10 కావాలనుకుందాం. ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి దాని సొంత చోటు ఇవ్వాలి. 1.1.1 వరసలో అందరికీ విడుదలైన చివరి వెర్షన్ 1.1.1డబ్ల్యూ. అది 2023 సెప్టెంబరు 11న వచ్చింది, ఆ వరసకి ఉచిత మద్దతు ముగిసింది కూడా అదే రోజు.

సోర్స్ విప్పాక, లోపలున్న కాన్ఫిగ్ స్క్రిప్ట్‌కి నాలుగు సంగతులు చెప్పాలి. ప్రిఫిక్స్, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటు, /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-1.1.1డబ్ల్యూ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్, అంటే కాన్ఫిగ్ ఫైల్, సర్టిఫికెట్లు ఉండే చోటు, అదే ఫోల్డర్ లోపల ఎస్‌ఎస్‌ఎల్ అనే ఫోల్డర్. షేర్డ్ లైబ్రరీలు కావాలని షేర్డ్ అన్న మాట. నాలుగోది ఆర్‌పాత్, అంటే లైబ్రరీలని వెతకాల్సిన దారిని ఫైల్‌లోనే రాసిపెట్టడం: ఆ ప్రిఫిక్స్ కింది లిబ్ ఫోల్డర్‌ని లింకర్ ఆప్షన్‌గా ఇవ్వడం. ఫోల్డర్ పేరులో పూర్తి వెర్షన్ ఉంచడం మేలు. రేపు ఇంకొకటి పెట్టాల్సి వస్తే పాతది కదలకుండా దాని చోటే ఉంటుంది.

తర్వాత మేక్, మేక్ టెస్ట్, ఆపైన ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యూ, ఇన్‌స్టాల్_ఎస్‌ఎస్‌ఎల్‌డిర్స్. మొదటిది ప్రోగ్రామ్‌నీ లైబ్రరీలనీ పెడుతుంది, రెండోది కాన్ఫిగ్ ఫైల్‌నీ సర్టిఫికెట్ల ఫోల్డర్లనీ పెడుతుంది. మాన్యువల్ పేజీలు అక్కర్లేదు కాబట్టి వాటిని వదిలేస్తే సమయం కలిసొస్తుంది. టెస్ట్‌ని మాత్రం వదలకూడదు. క్రిప్టో లైబ్రరీలో తప్పు లెక్క బయటికి ఎర్రర్‌గా కనబడకపోవచ్చు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వరసని 64 బిట్ ఇంటెల్ యంత్రం మీద ఇలాగే కడితే లైబ్రరీలు లిబ్ ఫోల్డర్‌లోకి రావు, లిబ్64లోకి వెళ్తాయి. 1.1.1కి రాసుకున్న స్క్రిప్ట్‌లో వెర్షన్ అంకె మాత్రం మార్చి నడిపితే ఆర్‌పాత్ లైబ్రరీలు లేని చోటుని చూపిస్తుంది, ప్రోగ్రామ్ చప్పుడు లేకుండా సిస్టమ్ లైబ్రరీని ఎక్కించుకుంటుంది. లిబ్‌డిర్ ఆప్షన్‌కి లిబ్ అని స్పష్టంగా ఇస్తే ఈ తేడా రాదు.

ఇక పైథాన్. దాని కాన్ఫిగర్‌కి ప్రిఫిక్స్‌గా /ఆప్ట్/పైథాన్-3.10 ఇవ్వాలి. విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్‌కి పైన కట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫోల్డర్, విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-ఆర్‌పాత్ ఆప్షన్‌కి ఆటో. ఈ రెండో ఆప్షన్ 3.10తోనే వచ్చింది. అంతకుముందు వెర్షన్లలో లింకర్ ఫ్లాగ్‌లు చేత్తో ఇవ్వాలి. ఇన్‌స్టాల్‌కి బదులు ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడితే పైథాన్3 అన్న ఉత్త పేరుతో సింలింక్ పుట్టదు.

సరిగ్గా జరిగిందో లేదో చూడడానికి పైథాన్‌లో ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_వెర్షన్ అన్న విలువని ప్రింట్ చేస్తే, నిజంగా లోడైన లైబ్రరీ వెర్షన్ తెలుస్తుంది. అది 1.1.1డబ్ల్యూ అని చెప్పాలి.

బిల్డ్ సమయంలో జరిగే తప్పుల్లో ఎక్కువ చూసేది హెడర్లు ఒక వెర్షన్‌వీ లైబ్రరీ ఇంకో వెర్షన్‌దీ కావడం. 1.1 హెడర్లతో కంపైల్ అయ్యి 1.0.2 లైబ్రరీతో లింక్ కాబోతే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_ఇనిట్_ఎస్‌ఎస్‌ఎల్ అన్న ఫంక్షన్ దొరకలేదని లింకర్ ఆగుతుంది. కోడ్‌లో ఆ పేరు ఎక్కడా ఉండదు, వెతికితే తికమకే. కోడ్‌లో రాసింది ఎస్‌ఎస్‌ఎల్_లైబ్రరీ_ఇనిట్. 1.1 హెడర్‌లో అది ఒక మ్యాక్రో, విప్పితే ఆ కొత్త పేరు వస్తుంది, 1.0.2లో ఆ ఫంక్షన్ లేదు. ఈ ఎర్రర్ చూడగానే చెయ్యాల్సింది హెడర్ల దారినీ లైబ్రరీ దారినీ పక్కపక్కన పెట్టి సరిచూడడం. లైబ్రరీల దారి చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ వాడే ప్రాజెక్టుల్లో పీకేజీ_కాన్ఫిగ్_పాత్ కొత్త ఫోల్డర్‌ని చూపాలి. బిల్డ్ నడిపే సీమేక్ వాడేవాటిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_రూట్_డిర్ ఇచ్చి, పాత బిల్డ్ ఫోల్డర్‌ని పూర్తిగా తుడిచి మళ్లీ మొదలెట్టాలి. సీమేక్ మొదటిసారి కనుక్కున్న దారిని గుర్తుపెట్టుకుంటుంది, తుడవకపోతే ఆప్షన్ మార్చినా పాత దారిలోనే వెళ్తుంది.

లోడర్ ఎక్కడెక్కడ వెతుకుతుంది

ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లోడర్ ఒక వరసలో వెతుకుతుంది. మొదట ప్రోగ్రామ్‌లో రాసిన ఆర్‌పాత్, అదీ దాని కొత్త రూపమైన రన్‌పాత్ అన్నది లేకపోతేనే. తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. తర్వాత రన్‌పాత్. తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ తయారుచేసిన క్యాష్. చివరికి సిస్టమ్ లిబ్ ఫోల్డర్లు. ఎక్కడ ముందు దొరికితే అక్కడితో ఆగుతుంది. ఈ వరస తెలిస్తే సగం చిక్కులు కళ్లముందే విడిపోతాయి.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని, టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ చెయ్యడం అందరికీ అలవాటైన మందు. సోనేమ్‌లు వేరైనంతకాలం దానివల్ల నష్టం కనిపించదు. 1.1 కోసం పెట్టిన దారిలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 ఉండదు కాబట్టి సిస్టమ్ ప్రోగ్రామ్‌లు దాన్ని దాటిపోతాయి. సోనేమ్ ఒకటే అయిన రెండు వెర్షన్లుంటే మాత్రం కథ మారుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0.2కీ, 3.2.1కీ సోనేమ్ అదే, ఎస్‌ఓ.3. ఉబుంటు 22.04లో 3.2.1 ఉన్న ఫోల్డర్‌ని ఇలా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ టెర్మినల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కొట్టగానే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ సరిపోలడం లేదని ఆగుతుంది. కట్టింది 30000020తో, ఇప్పుడున్నది 30200010 అని రెండు అంకెలు చూపిస్తుంది. మొదటి అంకె మేజర్ వెర్షన్, తర్వాతి రెండు మైనర్, చివరి సున్నాకి ముందున్నది ప్యాచ్. అంటే 3.0.2, 3.2.1. కాండా అనే ప్యాకేజీ మేనేజర్ ఎన్విరాన్‌మెంట్‌లు వాడేవాళ్లకి ఈ అంకెలు బాగా పరిచయం. కాండా తన లైబ్రరీలని తన ఫోల్డర్‌లోనే ఉంచుకుని, తన ప్రోగ్రామ్‌లకి ఆర్‌పాత్‌తో దారి చూపిస్తుంది. ఎవరో ఆ ఫోల్డర్‌ని ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లోకి ఎక్కించినప్పుడే గొడవ మొదలవుతుంది.

ఆ వేరియబుల్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. టెర్మినల్‌లో బాగా నడిచిన ప్రోగ్రామ్ వెనకాల నడిచే సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టగానే పడిపోతుంది. సర్వీస్‌కి బ్యాష్‌ఆర్‌సీ చదివే అలవాటు లేదు. తమ యజమాని హక్కులతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌ల దగ్గర లోడర్ భద్రత కోసం ఆ వేరియబుల్‌ని పట్టించుకోదు. సుడో కూడా ఆ కోవలోదే, అందుకే సుడో పెట్టి నడిపితే లైబ్రరీ దొరకదు. ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో ఫోల్డర్ చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి కానీ, అది యంత్రం మొత్తానికీ వర్తిస్తుంది. సోనేమ్ ఒకటైతే సిస్టమ్ ప్రోగ్రామ్‌లన్నీ ఆ దారిన పడతాయి.

ఇవన్నీ చూశాక మిగిలేది ప్రోగ్రామ్‌లోనే దారి రాయడం. ఇందులోనూ ఒక మెలిక ఉంది, తెలియకపోతే గంటలు పోతాయి. ఉబుంటు లింకర్ ఆర్‌పాత్ ఆప్షన్ ఇచ్చినా మామూలుగా రాసేది రన్‌పాత్. రన్‌పాత్ ఆ ఫైల్ నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు అడిగే లైబ్రరీలకి వర్తించదు. ప్రోగ్రామ్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని మాత్రమే నేరుగా అడిగిందనుకుందాం. దాన్ని /ఆప్ట్ కింది 3.2.1 నుంచి లోడర్ తెస్తుంది. ఆ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ తనకి లిబ్‌క్రిప్టో కావాలంటుంది. ఇక్కడ ప్రోగ్రామ్ రన్‌పాత్ చెల్లదు. లోడర్ సిస్టమ్‌కి వెళ్లి 3.0.2 లిబ్‌క్రిప్టోని తెస్తుంది. అప్పుడు వచ్చే సందేశం: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.2.0 వెర్షన్ లిబ్‌క్రిప్టోలో దొరకలేదు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి అది కావాలి. ఒకే బిల్డ్‌లో పుట్టిన జంటని లోడర్ విడదీసిందన్నమాట. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని కట్టేటప్పుడే ఆర్‌పాత్ ఇవ్వమని పైన చెప్పింది ఇందుకే. అప్పుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపల కూడా దారి రాసి ఉంటుంది. అలా కట్టడం కుదరకపోతే ప్రోగ్రామ్‌ని లింక్ చేసేటప్పుడు డిసేబుల్-న్యూ-డీట్యాగ్స్ అని లింకర్‌కి చెప్పి పాతకాలపు ఆర్‌పాత్ రాయించవచ్చు. అది కిందున్న లైబ్రరీలకీ చెల్లుతుంది.

సోర్స్ లేకుండా బైనరీ మాత్రమే చేతిలో ఉంటే ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టు ఉంది. దాని సెట్-ఆర్‌పాత్ ఆప్షన్‌తో తయారైపోయిన బైనరీలోనూ దారి మార్చవచ్చు. దారిలో $ఆరిజిన్ అని రాస్తే ఆ బైనరీ ఉన్న ఫోల్డర్ అని లోడర్ అర్థం చేసుకుంటుంది. $ఆరిజిన్/లిబ్ అని పెట్టి, ప్రోగ్రామ్ పక్కన లిబ్ ఫోల్డర్‌లో పాత లైబ్రరీలు ఉంచితే, ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కడికి మోసుకెళ్లినా పనిచేస్తుంది. షెల్‌లో కొట్టేటప్పుడు సింగిల్ కోట్స్ మరిచిపోతే షెల్ ఆ డాలర్ మాటని తనే ఖాళీ చేసి ఇస్తుంది, దారి /లిబ్ అయిపోతుంది.

మొదట చెప్పిన ఉబుంటు 22.04 కేసుకి ఇదే సరైన మందు. 20.04 నుంచి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 ప్యాకేజీ ఫైల్ దించుకుని, దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యకుండా డీపీకేజీ-డెబ్‌కి ఎక్స్ ఆప్షన్ ఇచ్చి విప్పి, లోపలి రెండు లైబ్రరీలనీ ప్రోగ్రామ్ పక్కన పెట్టాలి. బైనరీకి దారి రాయాలి, విడిగా వచ్చిన లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి కూడా $ఆరిజిన్ అని దారి రాయాలి. ఇన్‌స్టాల్ చేసినా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3తో గొడవ ఉండదు. కాకపోతే అప్పుడు మద్దతు లేని లైబ్రరీ యంత్రంలోని అన్ని ప్రోగ్రామ్‌లకీ అందుబాటులోకి వస్తుంది. ఒక్క ప్రోగ్రామ్ కోసం అంత అక్కర్లేదు.

ఏది ఎక్కడినుంచి వస్తోందో చూడడానికి ఎల్‌డీడీ అందరికీ తెలిసిందే. నమ్మకం లేని బైనరీ మీద దాన్ని వాడకూడదు, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైల్‌ని నడిపేయగలదు. రీడ్‌ఎల్ఫ్‌కి డీ ఆప్షన్ ఇస్తే, ఏదీ నడపకుండానే కావలసిన సోనేమ్‌లూ, ఆర్‌పాత్, రన్‌పాత్ చూపిస్తుంది. లోడర్ వెతుకులాట మొత్తం అడుగడుగునా చూడాలంటే ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ పెట్టి ప్రోగ్రామ్ నడపాలి. ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్ సంగతి కావాలంటే ప్రాక్ కింద దాని నంబర్ ఫోల్డర్‌లో మ్యాప్స్ ఫైల్ ఉంటుంది. ఆ ఫైల్‌లో కనిపించేదే ఖాయం.

లైబ్రరీ అంటే ఎస్‌ఓ ఫైల్ ఒక్కటే కాదు

సరైన ఎస్‌ఓ ఎక్కినా పని ముగియదు. కొత్తగా కట్టిన పైథాన్‌తో ఏ హెచ్‌టీటీపీఎస్ సైట్‌ని తెరవబోయినా సర్టిఫికెట్ పరిశీలన విఫలమైందని రావచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నమ్మదగ్గ సర్టిఫికెట్ల కోసం చూసేది కట్టేటప్పుడు ఇచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్‌లో. మనం ఇచ్చిన ఫోల్డర్ కొత్తది, సర్టిఫికెట్లేమీ లేనిది. అందులో సర్ట్.పెమ్ అన్న పేరుతో సిస్టమ్ సర్టిఫికెట్ల ఫైల్‌కి సింలింక్ పెడితే సరి. సెంటోస్‌లో అది /ఈటీసీ/పీకేఐ/టీఎల్‌ఎస్ కింది సర్ట్.పెమ్, ఉబుంటులో /ఈటీసీ/ఎస్‌ఎస్‌ఎల్/సర్ట్స్ కింది సీఏ-సర్టిఫికెట్స్.సీఆర్‌టీ. కాపీ చెయ్యకూడదు. సింలింక్ అయితే సిస్టమ్ అప్‌డేట్‌తో పాటు ఇదీ తాజాగా ఉంటుంది. ఈ దశలో సర్టిఫికెట్ పరిశీలననే ఆపేసే సలహాలు ఇంటర్‌నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి. ఒక్క సింలింక్‌తో పోయే సమస్యకి తలుపు తీసిపెట్టే మందు వాడకూడదు.

కాన్ఫిగ్ ఫైల్ చిక్కు దీనికి ఉల్టా. ఉబుంటు 20.04 నుంచి తెచ్చిన 1.1 లైబ్రరీ, 22.04 యంత్రంలో /ఈటీసీ/ఎస్‌ఎస్‌ఎల్ కింది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్.సీఎన్‌ఎఫ్‌నే చదువుతుంది. ఆ ఫైల్ 3 కోసం రాసింది. అందులో ప్రొవైడర్స్ అనే లైన్ ఉంది. ప్రొవైడర్లంటే ఏమిటో 1.1కి తెలియదు, అదేదో విడి మాడ్యూల్ కాబోలని లిబ్‌ప్రొవైడర్స్.ఎస్‌ఓ అనే ఫైల్ కోసం వెతికి, లేదని ఎర్రర్ ఇస్తుంది. అలాంటి ఫైల్ ప్రపంచంలో ఎక్కడా లేదు, దాన్ని వెతుక్కుంటూ పోవడం దండగ. ఆ ఒక్క ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే స్క్రిప్ట్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_కాన్ఫ్ వేరియబుల్‌కి 1.1 నాటి కాన్ఫిగ్ ఫైల్ దారి ఇవ్వాలి. ప్రత్యేక సెట్టింగ్‌లేమీ అక్కర్లేకపోతే /డెవ్/నల్ ఇచ్చినా సరిపోతుంది.

3 వరసలో మూడోది కూడా ఉంది. ఆర్‌సీ4, ఎండీ4 లాంటి పాత పద్ధతులు లెగసీ.ఎస్‌ఓ అనే విడి ఫైల్‌లోకి వెళ్లాయి. అది ఓఎస్‌ఎస్‌ఎల్-మాడ్యూల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. రెండు లైబ్రరీలు మాత్రమే కాపీ చేసి ఈ ఫోల్డర్ వదిలేస్తే, సర్టిఫికెట్‌నీ కీనీ కలిపి ఉంచే పాత పీ12 ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్‌లు దెబ్బతింటాయి.

ఒకే ప్రాసెస్‌లో రెండూ కలిస్తే

ఇంతవరకూ ఒక ప్రోగ్రామ్‌కి ఒక వెర్షన్. ఒకే ప్రోగ్రామ్‌లోకి రెండూ రావడం అసలు కష్టం. ప్రోగ్రామ్ నేరుగా 1.1ని అడుగుతుంది, అది వాడే లిబ్‌కర్ల్, అంటే నెట్ నుంచి డేటా తెచ్చే లైబ్రరీ, ఏమో 3ని అడుగుతుంది. లింక్ చేసేటప్పుడు ఈ రెండూ ఢీకొనవచ్చని లింకర్ హెచ్చరిస్తుంది. అది హెచ్చరికే కాబట్టి బిల్డ్ పూర్తవుతుంది, ఎవరూ చదవరు.

నిజానికి రెండూ కలిసి లోడైనా ఫంక్షన్లు కలగలవకుండా పైన చెప్పిన వెర్షన్ ముద్రలు కాపాడతాయి. ముద్రలు కాపాడలేనిది డేటాని. లిబ్‌కర్ల్‌లో ఒక సదుపాయం ఉంది: కర్ల్‌ఆప్ట్_ఎస్‌ఎస్‌ఎల్_సీటీఎక్స్_ఫంక్షన్. దాంతో లిబ్‌కర్ల్ తను తయారుచేసిన ఎస్‌ఎస్‌ఎల్_సీటీఎక్స్ ఆబ్జెక్ట్‌ని ప్రోగ్రామ్ చేతికిస్తుంది. ఆ ఆబ్జెక్ట్ 3 తయారుచేసింది. ప్రోగ్రామ్ దాన్ని తీసుకెళ్లి 1.1 ఫంక్షన్‌కి ఇస్తుంది. లోపలి అమరిక వేరు, ఫలితం క్రాష్.

డెబియన్, ఉబుంటులు 2018లో సరిగ్గా దీన్నే ఎదుర్కొన్నాయి. లిబ్‌కర్ల్‌ని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0 నుంచి 1.1కి మార్చేటప్పుడు, ఈ ఆబ్జెక్ట్ బయటికి వెళ్తుంది కాబట్టి పాత ప్రోగ్రామ్‌లు నమ్మి వాడలేవని ప్యాకేజీ పేరుని లిబ్‌కర్ల్3 నుంచి లిబ్‌కర్ల్4కి మార్చారు. ఫంక్షన్ల ముద్ర కూడా కర్ల్_ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3 నుంచి కర్ల్_ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_4 అయింది. కానీ రెండు ప్యాకేజీల్లోనూ ఉన్న ఫైల్ సోనేమ్ ఒకటే, లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4. ఆ కారణంగా ఉబుంటు 18.04లో ఒకటి పెడితే రెండోది పోయేది. కర్ల్_ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3 దొరకలేదన్న ఎర్రర్ ఇప్పటికీ పాత బైనరీలతో కనబడుతుంది. ప్యాకేజీ పేరు వేరైనా సోనేమ్ ఒకటైతే రెండూ ఒక చోట ఉండలేవని చూపడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ ఉండదు.

ప్రోగ్రామ్‌లో ఇలాంటి కలయిక ఉంటే, లిబ్‌కర్ల్‌ని కూడా అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తిరిగి కట్టి పక్కన పెట్టుకోవాలి. మధ్యలో ఉన్న ప్రతి లైబ్రరీకీ అదే లెక్క. ఆ గొలుసు మూడు నాలుగు లైబ్రరీలు దాటితే చేత్తో చెయ్యడం మానేసి, ఉబుంటు 20.04 కంటైనర్‌లో ఆ ప్రోగ్రామ్‌ని పెట్టడమే తక్కువ శ్రమ. నిక్స్ లాంటి పద్ధతులు ప్రతి ప్యాకేజీకీ హ్యాష్ ఉన్న సొంత ఫోల్డర్ ఇచ్చి, దారులన్నీ ఆర్‌పాత్‌లో రాసి, ఈ పనినే యంత్రానికి అప్పగిస్తాయి.

పైన చెప్పినవేవీ లినక్స్ మూల సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీకి పనిచేయవు. లోడర్, జీలిబ్‌సీ ఒకే బిల్డ్ నుంచి రావాలి, లోడర్ దారి ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ముందే రాసి ఉంటుంది. కొత్త లిబ్‌సీని ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో పెట్టి ఎల్‌ఎస్ కొట్టినా క్రాష్ అవుతుంది. జీలిబ్‌సీ_2.34 దొరకలేదన్న ఎర్రర్‌కి మందు కంటైనర్, లేదా ఆ ప్రోగ్రామ్‌ని పాత యంత్రం మీదే మళ్లీ కంపైల్ చెయ్యడం.

సొంత కాపీ బాధ్యత

/ఆప్ట్‌లో పెట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని ప్యాకేజీ మేనేజర్ అప్‌గ్రేడ్ ముట్టుకోదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా అన్నీ దెబ్బతిన్నాయి, 1.0.1జీలో సరిచేశారు. డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ వాడినవాళ్లు అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే లైబ్రరీ వరకు బాగైంది. తమ కాపీని ప్రోగ్రామ్‌లో కలిపి కట్టుకున్నవాళ్లు ఒక్కో కాపీనీ వెతికి మళ్లీ కట్టాల్సి వచ్చింది. అందుకని పెట్టిన రోజే, ఆ ఫోల్డర్‌లోనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో మూడు సంగతులు రాసి ఉంచాలి: ఇచ్చిన కాన్ఫిగ్ ఆప్షన్లు, ఏ ప్రోగ్రామ్ కోసం పెట్టారు, ఆ వెర్షన్‌కి మద్దతు ఎప్పుడు ముగుస్తుంది. 3.0 వరసకైతే ఆ తేదీ 2026 సెప్టెంబరు 7.

తీసేసే రోజు వచ్చినప్పుడు, ముందు ఎవరైనా ఇంకా వాడుతున్నారేమో చూడాలి. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఆ ఫోల్డర్ పేరు వెతికితే ఇప్పుడు నడుస్తున్నవి తెలుస్తాయి. నడవనివి, అంటే నెలకోసారి క్రాన్‌లో లేచేవి, అందులో కనబడవు. వాటి కోసం /ఆప్ట్, /యూఎస్‌ఆర్/లోకల్ కింది బైనరీలన్నిటి మీదా రీడ్‌ఎల్ఫ్ నడిపి, ఆ దారి ఎక్కడైనా రాసి ఉందేమో చూడాలి. ఏమీ దొరకకపోయినా ఫోల్డర్‌ని వెంటనే చెరిపేయకుండా ముందు పేరు మార్చి ఒక నెల ఉంచాలి. ఆ నెలలో ఏదీ పడిపోకపోతే అప్పుడు చెరిపేయవచ్చు.